మేకు కొట్టని ఇల్లు

వంటింట్లో సింకు కింద అరలు చెమ్మకు ఉబ్బిపోయి, తలుపులు ఊడి చేతికి రావడం మొదలయ్యాక ఇక తప్పదని వడ్రంగిని పిలిపించాను. గుడివాడలో ఇప్పుడు వడ్రంగులు భుజాన సంచి వేసుకుని నడిచి రావడం లేదు. ఇతను బండి మీద వచ్చాడు. సంచిలో కరెంటు మిషన్లు, చేతిలో రంగుల కార్డు. కొలతలన్నీ ఫోన్లోకి ఎక్కించుకున్నాడు, ఏ రంగు బావుంటుందో నాకంటే తనే గట్టిగా చెప్పాడు. అంతా అయ్యాక గుమ్మం దగ్గర ఆగి, కొంచెం మొహమాటపడుతూ అడిగాడు.

“ఏమీ అనుకోకండి ఆంటీ. ఇంట్లో ఎవరన్నా నెల తప్పినవాళ్లు ఉన్నారా? ఉంటే మిషను పెట్టనండి. తర్వాత మాటొస్తుంది.”

“ఈ ఇంట్లో ఉండేది నేనూ, మీ అంకులూనే బాబూ. ఆయనకి పొట్ట ఉంది గానీ, అది వేరే సంగతి,” అన్నాను.

అతను పడీ పడీ నవ్వి బండెక్కి వెళ్లిపోయాడు. నేనూ నవ్వుతూనే తలుపు వేశాను. వచ్చి కుర్చీలో కూర్చున్నాక మాత్రం లేవబుద్ధి కాలేదు. పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా పారాయి. అయినా లేవలేదు.

మాది బంటుమిల్లి దగ్గర కాలవ గట్టున ఉన్న ఊరు. పెంకుటిల్లు. మధ్యన పెద్ద గది, అటు వంటిల్లు, ఇటు ఒక చిన్న గది, ముందు వసారా. పెద్ద గది కప్పు బరువంతా ఒక్క తాటి దూలమే మోసేది. దాన్ని మా తాతయ్య వేయించాడట. తాతయ్యను నేను చూడలేదు గానీ ఆ దూలాన్ని మాత్రం పుట్టిన దగ్గర్నుంచీ వెల్లకిలా పడుకుని చూస్తూనే ఉన్నాను. నల్లగా, నూనె పట్టించినట్టు మెరిసేది. దాని మీది గీతల్లో నాకు ఒక ఏనుగు, ఒక పడవ, కోపంగా ఉన్న మా బడి పంతులుగారి మొహం కనిపించేవి.

ఆ ఏడు తొలకరికి గోడ మీద చెదల దారి పైకి పాకింది. నాయనమ్మ చీపురు తిరగేసి దులిపేసింది. మర్నాటికి మళ్లీ వచ్చింది. కిరసనాయిలు పోసింది, వేపాకు పొగ పెట్టింది. తడి మట్టి, కిరసనాయిలు, వేప పొగ, ఈ మూడూ కలిసిన వాసనే నాకు ఇప్పటికీ మా ఇంటి వాసన. గోడకు చెవి ఆనిస్తే లోపల సన్నగా గీరుతున్నట్టు చప్పుడు వినిపించేది. నేను పక్కింటి పిల్లల్ని పిలిచి ఒక్కొక్కరి చేతా వినిపించేదాన్ని. వినిపించినందుకు జామకాయో జీడిముక్కో పుచ్చుకునేదాన్ని. మా కొంప కూలే చప్పుడు మీద నేను బేరం చేసుకున్నానన్నమాట.

ఒకరోజు నాన్న నిచ్చెన వేసుకుని దూలం చివర పలుగుతో పొడిచి చూశారు. పలుగు మెత్తగా లోపలికి దిగిపోయింది. తీస్తే మట్టి రాలింది. ఆయన దిగి వచ్చి, “ఆచారి గారిని పిలుచుకొస్తాను,” అని కండువా వేసుకున్నారు.

“వీల్లేదు,” అంది నాయనమ్మ.

అప్పటికి అమ్మకు నాలుగో నెల. ఇంటి ఇల్లాలు కడుపుతో ఉండగా దూలం దించకూడదు, గడప కదపకూడదు, గోడకు మేకు కొట్టకూడదు. మా వైపు అందరికీ తెలిసిన సంగతే ఇది. వేరే ఇంట్లో అయితే ఎవరో ఒకరు చూసీ చూడనట్టు ఊరుకునేవారేమో. మా ఇంట్లో ఆ వీలు లేదు. నా తర్వాత అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు. ఇద్దరూ కోడూరులో మావయ్య వాళ్లింట్లోనే పుట్టారు, అక్కడే పోయారు. ఈసారి మావయ్య కబురు పంపలేదు. అత్తయ్య ఇక తమ ఇంట్లో పురుడు వద్దందని ఎవరో చెప్పగా తెలిసింది. బందరు డాక్టరమ్మ మంచం దిగొద్దని, ఎడ్లబండి ఎక్కితే తన పూచీ లేదని చెప్పి పంపింది. అందుచేత అమ్మ ఎక్కడికీ వెళ్లడానికి లేదు. ఆ ఇంట్లోనే, ఆ చిన్న గదిలోనే, ఆ దూలం కూర్చున్న గోడ పక్కనే ఆమె నెలలు నిండాలి.

ఇక మొదలైంది మా ఇంటి వైభోగం. క్యాలెండరు పడిపోతే అన్నం మెతుకులతో గోడకు అంటించింది నాయనమ్మ. రాత్రికి రాత్రి బొద్దింకలు ఆ మెతుకులు తినేస్తే, పొద్దున్నే మళ్లీ అంటించేది. కుర్చీ కాలు ఊడితే కొబ్బరితాడుతో కట్టారు, అందులో కూర్చున్నవాళ్లు ఊయల్లో ఉన్నట్టు ఊగేవాళ్లు. నాన్న చెప్పు తెగితే, కుట్టేవాడు మా గుమ్మం ముందు కూర్చుని మేకు దిగ్గొడతాడేమోనని, నాయనమ్మ ఆ చెప్పును కర్రకు తగిలించి కాలవ అవతలి గట్టుకు పంపించింది. నేను తలుపు చాటున నుంచుని నాలుకతో ‘టక్ టక్’మని చప్పుడు చేసేదాన్ని. నాయనమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చేది. “చంపేస్తాను భడవా!” అంటూనే తొంగిచూసి, లోపల అమ్మ నవ్వుతోంటే తనూ నవ్వేది. అమ్మ నవ్విన రోజున నాకు సున్నుండ ఒకటి ఎక్కువ దొరికేది.

ఇరుగమ్మలూ పొరుగమ్మలూ వచ్చి వసారాలో కూర్చుని మాటలు చెప్పేవారు. ఫలానా వాళ్లింట్లో తలుపు మార్చారు, అంతే. ఫలానా ఊళ్లో చూరుకి కొక్కెం కొట్టారు, అంతే. ‘అంతే’ తర్వాత ఏమైందో ఎవరూ చెప్పేవారు కాదు. ఉలవచారుకో గోంగూర పచ్చడికో గిన్నె చాపి, తీసుకుని వెళ్లేవారు. వాళ్లు వెళ్లాక నాయనమ్మ దూలం కేసి చూస్తూ నిలబడేది.

నాన్న మొండికెత్తి ఆచారి గారిని తీసుకొచ్చారు. ఆయన ఒక్కడే మా ఊరికీ చుట్టుపక్కలకీ వడ్రంగి. పొట్టి మనిషి, చెవిలో పెన్సిలు, ఒంటి నిండా రంపపుపొట్టు వాసన. తల పైకెత్తి దూలాన్ని చూశాడు, గోడను తట్టాడు, చిన్న గది గుమ్మం కేసి చూసి చేతులు జోడించాడు.

“ఇది నిలవదు బాబూ. అబద్ధం చెప్పను. కానీ నేను ముట్టుకోను.”

“మీరూ అదే మాటా ఆచారి గారూ?” అన్నారు నాన్న. ఆయన గొంతు అలా అరిగిపోయి వినిపించడం నాకు అదే మొదటిసారి.

“నమ్మకమా కాదా అని నన్నడక్కండి. పెదయాదరలో ఒక ఇంట్లో తలుపుకు మేకు దిగ్గొట్టాను. కోడలు కడుపుతో ఉందని నాకు చెప్పలేదు. తర్వాత ఏదో జరిగింది. ఆ పిల్ల తల్లి మా ఇంటికొచ్చి, నా గుమ్మం ముందు కూర్చుని ఏడిచింది బాబూ. తిట్టలేదు. ఏడిచింది. మళ్లీ అది చూడలేను.”

ఆచారి వెళ్లలేదు. చుట్ట వెలిగించి వసారాలో చాలాసేపు కూర్చున్నాడు. పైకి చూసేవాడు, నేల చూసేవాడు. చివరికి లేచి, “దూలం దించను. కింద ఊతంగా పోటు పెడతాను. సుత్తి ఎత్తను,” అన్నాడు.

మా ఇంట్లో రంపం చప్పుడు కూడా వద్దని ఎదురింటి దొడ్లో పని పెట్టాడు. రెండు తాటి మొద్దులు కోసి, చెక్కి, మనుషుల చేత మోయించి తెచ్చి దూలం కింద నిలబెట్టాడు. మొద్దుకూ దూలానికీ మధ్య కాస్త సందు ఉంచాడు. మామూలుగా అయితే అందులో చెక్క చీలికలు పెట్టి సుత్తితో బిగగొడతారు. ఆయన ఎండలో బాగా ఎండబెట్టిన చీలికల్ని చేత్తోనే దూర్చి, వాటి చుట్టూ గోనెపట్టా చుట్టి, చెంబుతో నీళ్లు పోశాడు.

“తడిస్తే చెక్క ఉబ్బుతుంది అమ్మగారూ. సుత్తి చేసే పని నీళ్లు చేస్తాయి. ఆరనివ్వకండి మరి. ఆరితే వదులైపోతుంది.”

ఆ రోజు నుంచీ నాయనమ్మ పొద్దున తులసికోటకు ఒక చెంబు, ఆ పోట్లకు ఒక చెంబు పోసేది. అంతటితో ఊరుకోలేదు. తన నులకమంచం తెచ్చి సరిగ్గా దూలం కింద వాల్చింది.

“నీకేమన్నా మతిపోయిందా అమ్మా? వసారాలో పడుకో,” అన్నారు నాన్న.

“మేకు కొట్టొద్దన్నది నేను. పడేదుంటే నా మీదే పడాలి. నువ్వు పో,” అంది.

వానలు పడుతున్నకొద్దీ దూలం కిర్రుమనడం ఎక్కువైంది. అన్నం తింటున్నా, మాట్లాడుతున్నా, అది కిర్రుమంటే అందరి చేతులూ ఆగిపోయేవి. నాన్న చిక్కిపోయారు. ఆయన పొలానికి వెళ్లి, అరగంటకే ఏదో మర్చిపోయినట్టు తిరిగొచ్చి, ఇల్లు ఉందని చూసుకుని మళ్లీ వెళ్లేవారు. అమ్మ మాత్రం పడుకుని గోడ కేసి చూస్తూ ఉండేది. మేం ఎవరం పలకరించినా, “బానే ఉంది,” అనేది.

ఒక మధ్యాహ్నం జోరున వాన కురుస్తోంది. నాయనమ్మ అమ్మకు జుట్టు దువ్వుతోంది. నేను మంచం కింద కూర్చుని ఎదురింటి దొడ్లోంచి తెచ్చుకున్న తాటి మొద్దుల చెక్కుడు పేళ్లతో గాజులు చేసుకుంటున్నాను. దూలం గట్టిగా మూలిగింది. అమ్మ ఒక్కసారి నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది.

“అత్తయ్యా, దాన్ని మార్పించండి. మీకు దణ్ణం పెడతాను.”

“ఇంకెంతలే అమ్మా. కాస్త ఓపిక పట్టు.”

“ఆ ఇద్దరప్పుడూ ఎవరు మేకు కొట్టారు అత్తయ్యా? మా అన్నయ్య కొట్టాడా? వదిన కొట్టిందా? ఎవరూ కొట్టలేదుగా. మరి వాళ్లెందుకు పోయారు?”

నాయనమ్మ చేతిలో దువ్వెన అలాగే ఉంది. మా ఇంట్లో కోడలు అత్తగారిని అలా అడగడం నేను ఎప్పుడూ వినలేదు. నాయనమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

“నాకు తెలీదే తల్లీ,” అంది. “తెలిస్తే అప్పుడే అడ్డం పడేదాన్ని కాదూ? నాకు తెలిసింది ఇదొక్కటే. తెలిసినదానికన్నా అడ్డం పడనీ.”

తర్వాత ఇద్దరూ ఏడ్చారు. నాయనమ్మ ఏడుస్తూనే జడ అల్లి, కింద ముడి వేసింది. చదువుకున్నాక, నాయనమ్మది మూఢనమ్మకమని నోరారా అన్నవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లతో నేను వాదించను. వాళ్లలో ఎవరూ ఆ దూలం కింద మంచం వేసుకుని పడుకోలేదు, అంతవరకే నాకు తెలుసు.

కార్తీకంలో వాయుగుండం అన్నారు. బందరులో ప్రమాద సూచిక ఎగరేశారని రేడియో చెప్పింది. తెల్లవారేసరికి ఈదురుగాలి. పెంకులు లేచి పెరట్లో పడుతున్నాయి. పెద్ద గదిలోకి నీళ్లు కారి, అలికిన నేల బురదైపోయింది. ఆ బురదలో ఒక పోటు కాలు జారింది. దూలం ఒక పక్కకు ఒరిగింది. నాన్న పరుగున వెళ్లి ఆ మొద్దుకు భుజం ఆనించారు. ఇక కదలడానికి లేదు. వదిలితే దూలం, దాంతో చిన్న గది గోడ, ఆ గోడ వెనక అమ్మ.

ఎవరు వెళ్లి పిలుస్తారు ఆ గాలిలో? నాయనమ్మ గుమ్మంలోకి వెళ్లి కేకలు పెట్టింది, గాలిలో మాట ఎక్కడికీ పోలేదు. అంతలో నెత్తిన గోనెసంచి కప్పుకుని ఆచారి లోపలికొచ్చాడు. ఎవరూ పిలవలేదు. ఆయనకు ఇంట్లో కాలు నిలవక వచ్చాడు. వస్తూనే నాన్న పక్కన తనూ భుజం పెట్టాడు.

“కాలు దగ్గర ఒక్క దెబ్బ కొడితే నిలబడిపోతుంది బాబూ,” అన్నాడు రొప్పుతూ. సంచిలోంచి సుత్తి తీశాడు కూడా.

“కొట్టండి ఆచారి గారూ!” చిన్న గదిలోంచి అమ్మ అరిచింది. “నేను చెబుతున్నాను. ఏమైనా మిమ్మల్ని అనను. కొట్టండి!”

ఆచారి సుత్తి ఎత్తి నాయనమ్మ కేసి చూశాడు. ఆమె వద్దనలేదు, కొట్టమనలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఆచారి సుత్తిని బురదలో పడేశాడు.

“నా వల్ల కాదు తల్లీ. మోస్తాను. కొట్టలేను.”

మోశారు. ఒక్క సుత్తి దెబ్బతో అయ్యే పనికి ఆ పూటంతా పట్టింది. నాన్నా ఆచారీ భుజాలతో ఎత్తి పట్టుకుంటే, నాయనమ్మ నేల మీద కూర్చుని, వీపు గోడకు ఆనించి, రెండు కాళ్లతో ఆ మొద్దు అడుగును కొంచెం కొంచెంగా లోపలికి నెట్టింది. కింద పీట దూర్చారు. నేను నులకమంచం మీద నిలబడి ఆచారి ఇచ్చిన ఎండు చీలికలు దూర్చి, చెంబుతో నీళ్లు పోశాను. ఆ నీళ్లు నాన్న నెత్తి మీదుగా కారుతున్నా ఆయన కళ్లు మూసుకుని మోస్తూనే ఉన్నారు. చెక్క ఉబ్బేదాకా అలాగే నిలబడ్డారు. చివరికి ఆచారి ముందు వదిలాడు. తర్వాత నాన్న వదిలారు. దూలం నిలబడింది.

గాలి తగ్గాక నాయనమ్మ వేడివేడి అన్నం వండి, ఎండురొయ్యలు వేయించి, కొత్త జాడీలో ఆవకాయ తీసింది. ఆచారి వసారాలో కూర్చుని భుజం తోలు చీరుకుపోయి కుడి చెయ్యి ఎత్తలేక, ఎడం చేత్తో తిన్నాడు. ముందు ఆయనే నవ్వాడు. నాన్న కూడా నవ్వారు. “గట్టెక్కాం,” అంది నాయనమ్మ. లోపల అమ్మ కూడా రెండోసారి అన్నం పెట్టించుకుంది. అంత ఆనందంగా మా ఇంట్లో అందరం కలిసి అన్నం తిన్న పూట నాకు ఇంకొకటి గుర్తు లేదు.

అమ్మకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. ట్రాక్టరు మీద పరుపు వేసి బందరు తీసుకెళ్లారు. నన్ను ఎదురింట్లో ఉంచారు. నాయనమ్మ అప్పటికే తెలగపిండి తెప్పించి, బాలింతకు పెట్టడానికని కొత్త కుండలో పోసి మూత పెట్టుకుంది.

వాళ్లు తిరిగొచ్చేటప్పుడు ట్రాక్టరు చాలా మెల్లగా వచ్చింది. అమ్మను నాన్న ఎత్తుకుని దించారు. నాయనమ్మ చేతులు ఖాళీగా ఉన్నాయి. మగపిల్లాడట. ఏడవలేదట. ఎదురింటావిడ నా చెవిలో చెప్పింది. అమ్మ లోపలికెళ్లి గోడ కేసి తిరిగి పడుకుంది. ఏడవలేదు, మాట్లాడలేదు. జాకెట్టు పాలతో తడిసిపోతుంటే నాయనమ్మ మారుస్తూ ఉండేది. ఆ తెలగపిండి కుండ ఎవరూ ముట్టుకోకుండా అటక మీదికి ఎక్కింది.

ఏ తప్పూ చేయలేదు మేము. ఒక్క మేకు కొట్టలేదు. చెప్పుకోవడానికి ఏ తప్పూ దొరక్కపోవడమే ఆ రోజుల్లో మా ఇంట్లో అందరినీ తినేసింది. ఆచారి ఆ ఒక్క దెబ్బ వేసి ఉంటే ఆయన్ని తిట్టుకునేవాళ్లం. దూలం దించి ఉంటే నాన్నను అనేవాళ్లం. ఎవరినీ అనడానికి లేక ఒకరి మొహం ఒకరు చూడలేకపోయాం.

కొన్నాళ్లకు నాయనమ్మే ఆచారి ఇంటికి నడిచి వెళ్లింది. నేను వెంట ఉన్నాను. ఆయన ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. పెదయాదర ఆవిడ గుర్తొచ్చిందేమో, మొహం పాలిపోయింది.

“రా నాయనా. దూలం మార్చు,” అంది నాయనమ్మ.

“పురుడు వెళ్లనివ్వండి అమ్మగారూ.”

“ఏం పురుడు నాయనా?” అంది. అంతే. ఆచారి సంచి భుజాన వేసుకున్నాడు.

పాత దూలం దించితే అది చేతుల్లోనే విరిగింది. లోపలంతా మట్టి. కొత్త దూలం ఎక్కించారు. వాసాలు బిగించాలి. పైన ఆకాశం కనిపిస్తోంది, పెద్ద గదిలోకి ఎండ పడుతోంది. నాయనమ్మ కింద నేల మీద కూర్చుని, మేకుల పొట్లం విప్పి ఒళ్లో పోసుకుంది. ఆచారి పైనుంచి చెయ్యి చాపితే ఒక్కొక్కటీ నాన్న చేత అందించేది. ఆయన మొదటి మేకు పెట్టి, సుత్తి ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు.

“ఆగు!” అని అరిచింది నాయనమ్మ.

సుత్తి గాల్లోనే ఆగింది. నాన్న వెనక్కి తిరిగి చూశారు. నాయనమ్మ అప్పటికే లేవబోతూ చిన్న గది గుమ్మం కేసి చెయ్యి చాపి ఉంది. ఒళ్లో మేకులు నేల మీద చెల్లాచెదరయ్యాయి. ఆమె చాపిన చేతిని తనే చూసుకుని మెల్లగా దించుకుంది.

“ఏం లేదు నాయనా,” అంది. “కొట్టు.”

అప్పుడు చిన్న గదిలోంచి అమ్మ ఏడుపు వినిపించింది. బందరు నుంచి వచ్చాక అదే మొదటిసారి. గొంతు పగిలిపోయేలా ఏడ్చింది. వీధిలో పోయేవాళ్లు వినకూడదనో ఏమో, ఆచారి కొట్టడం మొదలుపెట్టాడు. మేకు తల చెక్కలోకి దిగిపోయాక కూడా, అమ్మ ఏడుస్తున్నంతసేపూ, ఆయన అక్కడే కొడుతూ ఉన్నాడు.